నాలుగో గోడ లేని గది

మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. స్కూల్ హాల్లో ఐదో తరగతి పిల్లలు నాటకం ప్రాక్టీసు చేస్తున్నారు. పాత టీవీ కార్యక్రమాలను వెక్కిరిస్తూ రాసుకున్న పదిహేను నిమిషాల నాటకం అది. రాసింది గడగడ.

ఆ అమ్మాయికి అసలు పేరు ఒకటి ఉంది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికి రాలేదు. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి అందరూ గడగడ అనే పిలుస్తారు. నిద్రలో కూడా పూర్తిగా మూయదని వాళ్ళమ్మ అంటుంది.

నాటకం నిజంగానే బాగుంది. అందులో ఒక క్విజ్ మాస్టారు ఉంటాడు. ప్రశ్నలు తనే అడిగి, జవాబులు తనే చెప్పి, బహుమతులు తనే పట్టుకుపోతాడు. ఒక కుటుంబం ఉంటుంది. ఎవరు ఏమన్నా, ఉప్పు అయిపోయిందన్నా సరే, ఇంట్లో అందరూ తలలు ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పి చూస్తారు. ఏడుపు సీను మధ్యలో ఒక నాన్న హఠాత్తుగా కన్నీళ్ళు తుడుచుకుని పళ్ళపొడి డబ్బా చూపించి నవ్వుతాడు. ఆ వేషం వేసిన అబ్బాయికి అప్పటినుంచీ పళ్ళపొడి అనే పేరు స్థిరపడిపోయింది.

ఒక్కో కార్యక్రమం మధ్యలో టీవీ ఆగిపోతుంది. అప్పుడు పెట్టెలోంచి ఒక అనౌన్సర్ తల పైకి లేపి, ఒక అట్ట చూపించి, ఒకే ఒక్క వాక్యం చెప్పాలి.

"ప్రసారంలో అంతరాయం కలిగినందుకు చింతిస్తున్నాం."

ఆ వాక్యం నెమ్మదిది. నెమ్మది అంటే గడగడ పక్కన కూర్చునే అమ్మాయి. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ. నెమ్మది ఒక మాట అన్నాక ఆగుతుంది. రెండో మాటను లోపలే వెతికి, తీసి, బాగుందో లేదో చూసుకుని అప్పుడు బయటికి పంపుతుంది. ఈలోగా గడగడ ఆ వాక్యం పూర్తి చేసేసి, ఇంకో నాలుగు వాక్యాలు కూడా చెప్పేస్తుంది. ఐదేళ్ళుగా ఇద్దరి తరఫునా గడగడే మాట్లాడుతోంది.

అలాంటి నెమ్మది, నాటకం వేషాలు పంచుతున్నప్పుడు తనంతట తానే లేచి నిలబడింది.

"ఆ... ఒక్క మాట... నేను... చెప్తా" అంది.

పది రోజులు ఇంట్లో అద్దం ముందు సాధన చేసింది. అట్ట మీద అక్షరాలు కూడా తనే గుండ్రంగా రాసింది.

ఆ మధ్యాహ్నం టీచర్ ఫోన్ వచ్చిందని ఆఫీసు గదికి వెళ్ళారు. టీవీ బదులు ప్రస్తుతానికి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఉంది. దానికి కోసిన కిటికీలోంచి నెమ్మది తల పైకి వచ్చింది.

"ప్రసారంలో..." అని ఆగింది.

అందరూ చూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు క్షణాలు గడిచాయి. గడగడకు ఒళ్ళంతా దురద పెట్టినట్టయింది. ఇక ఆగలేక అట్టపెట్టెను అరచేత్తో ధబీమని చరిచింది.

"టీవీ ఆగిపోయిందర్రా! ఎవరైనా ఒక దెబ్బ వేయండి!"

హాలంతా పగలబడి నవ్వింది. పళ్ళపొడి అయితే కింద పడి దొర్లాడు. నెమ్మది కూడా కొంచెం నవ్వింది.

నవ్వులు గడగడకు పాయసం కంటే ఇష్టం. అందుకే వాటిని ఇంకొంచెం తినాలనిపించింది. కళ్ళు తేలేసి, మెడ సాగదీసి, "ప్ర... సా... రం... లో..." అంది. మళ్ళీ నవ్వులు. ఇంకోసారి చేసింది. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

మూడోసారికి నెమ్మది నవ్వడం లేదు. పెట్టెలోంచి బయటికి వచ్చి, అట్టను అక్షరాలు గోడవైపు ఉండేలా జాగ్రత్తగా ఆనించి, తలుపు దాటి వెళ్ళిపోయింది.

"నీళ్ళు తాగి వస్తుందిలే" అంది గడగడ.

నెమ్మది రాలేదు.

మర్నాడు క్లాసులో హాజరు పిలిచినప్పుడు నెమ్మది "ప్రెజెంట్" అనలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది. లెక్కల్లో జవాబు అడిగితే బోర్డు మీద రాసి వచ్చింది. పొద్దున్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం టీచర్ చేతికి ఒక చీటీ ఇచ్చింది. అందులో 'నాకు ఆ వాక్యం వద్దు' అని ఉంది.

"ఏమైందమ్మా?" అని టీచర్ అడిగారు.

నెమ్మది చెప్పలేదు. క్లాసులో ఇంకెవరూ చెప్పలేదు. గడగడ, జీవితంలో మొదటిసారి, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేనట్టు కిటికీ వైపు చూసింది.

"సరే, ఎల్లుండే నాటకం. ఆ వాక్యం కూడా గడగడే చెప్పేస్తుంది" అన్నారు టీచర్.

"సరదాకే కదా అన్నాను" అని గడగడ బెంచీ మీద గొణిగింది. పక్కన ఉన్న భుజం కదల్లేదు.

సాయంత్రం హాల్లోంచి ఆ అట్ట తీసి చంకలో పెట్టుకుని గడగడ వాళ్ళమ్మ షాపుకు వెళ్ళింది. వాళ్ళమ్మ టీవీ మెకానిక్. ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని పని చేస్తుంది. ఆ చిన్న షాపులో గోడ నిండా పాత టీవీలే. కొన్నింటికి బొమ్మ ఉండదు, కొన్నింటికి మాట ఉండదు, కొన్నింటికి రెండూ ఉండవు గానీ ఇంకా ఎవరో వస్తారని ఎదురుచూస్తుంటాయి.

బల్ల మీద ఒక ముసలి టీవీ ఆన్ చేసి ఉంది. గుయ్‌మంటోందే గానీ ఏమీ కనబడటం లేదు. గడగడ అలవాటుగా దాని నెత్తిన కొట్టబోయింది. అమ్మ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"కొట్టకే! పాతది, వేడెక్కొద్దూ? ముందు గుయ్‌మంటుంది, తర్వాత మాట వస్తుంది, ఆ తర్వాత బొమ్మ. ఈలోగా కొట్టావంటే లోపల అతుకు ఊడిపోతుంది. అప్పుడు అసలుకే మోసం."

"ఎంతసేపమ్మా?"

"దానికి ఎంత కావాలో అంతసేపు."

అమ్మ అతుకులు వేసే సీసం తీగ చుట్ట చూసింది. అది అయిపోయింది. "సందు చివర కొట్టుకు వెళ్ళి ఇప్పుడే వస్తా. దేన్నీ ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళింది.

మూలన నాటకం కోసం అమ్మ సిద్ధం చేస్తున్న పెద్ద చెక్క టీవీ ఉంది. పిక్చర్ ట్యూబు, వైర్లు, వెనకపలక అన్నీ తీసేసింది. ఒట్టి పెట్టె. ఒక పిల్ల హాయిగా లోపల కూర్చుని ముందున్న ఖాళీలోంచి ముఖం చూపించొచ్చు.

ముట్టుకోవద్దంది గానీ కూర్చోవద్దనలేదు కదా అనుకుంది గడగడ. వెనకనుంచి దూరి, అట్ట పైకెత్తి, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"ప్రసారంలోఅంతరాయంకలిగినందుకుచింతిస్తున్నాం!"

"హహహహా" అని ఎవరో నవ్వారు.

గడగడ షాపంతా చూసింది. ఎవరూ లేరు. గోడ మీద టీవీలన్నీ ఆపేసి ఉన్నాయి. బల్ల మీది ముసలి టీవీ గుయ్‌మంటోంది అంతే.

"ఎవరది?"

"హహహహా!" ఈసారి పదిమంది నవ్వారు.

అప్పుడు చూసుకుంది తన జడవైపు. పొద్దున అమ్మ కట్టిన ఎర్ర రిబ్బన్ బూడిద రంగులో ఉంది. చేతులూ అదే రంగు. అట్ట మీద నీలం అక్షరాలు నల్లగా అయిపోయాయి. గడగడ గబగబా పెట్టె ముందువైపు నుంచి బయటికి పాకింది.

బయట షాపు లేదు. ఒక గది ఉంది.

ఆ గదిలో ఒక సోఫా ఉంది. గోడ మీద గీసిన పూలకుండీ ఉంది. ముల్లు కదలని గడియారం ఉంది. ఎదురుగా ఒక గోడ, అటొకటి, ఇటొకటి. నాలుగో గోడ లేదు. అది ఉండాల్సిన చోట చీకటి. తలుపు తీసినప్పుడు కనిపించే చీకటిలా లేదు అది. నిండుగా, మనుషులతో కిక్కిరిసి ఉన్న చీకటి. నవ్వులు అక్కడినుంచే వస్తున్నాయి.

సోఫాలో అమ్మ కూర్చుని ఉంది. ముడిలో స్క్రూడ్రైవర్ కూడా ఉంది. కానీ ముఖం మీద నవ్వు అతికించినట్టుంది. మాట్లాడుతున్నా అది కదలడం లేదు.

"వచ్చావా తల్లీ!" అంది ఆ అమ్మ. చూపు గడగడ మీద లేదు, చీకటివైపు ఉంది.

"హహహహా!"

"అమ్మా, ఇదేం గది? షాపేది?"

"హహహహహా!" చప్పట్లు కూడా కొట్టారు.

ఇందులో నవ్వడానికి ఏముందో గడగడకు అర్థం కాలేదు. పక్క తలుపు తెరుచుకుని పళ్ళపొడి వచ్చాడు. కాటుకతో గీసిన మీసం ఉంది.

"అమ్మాయి దారి తప్పింది" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. టక్కున ఆపి డబ్బా చూపించాడు. "తెల్లని పళ్ళకు మా పళ్ళపొడి! ఇక్కడ పళ్ళొక్కటే కాదు, అన్నీ తెల్లగానే ఉంటాయి!"

సోఫా వెనకనుంచి క్విజ్ మాస్టారు లేచాడు. "మీ పేరేమిటి? సమయం అయిపోయింది! సరైన జవాబు, నా పేరు. బహుమతి నాకే!"

ముగ్గురూ తలలు ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పి చూశారు. తను రాసిన నాటకమే ఇది. రాసినప్పుడు ఎంతో నవ్వొచ్చింది. ఇప్పుడు వీపు మీద చన్నీళ్ళు పోసినట్టుంది.

ఎక్కడినుంచో ఒక గొంతు వినిపించింది. తీరిగ్గా, వార్తలు చదివినట్టు.

"ఇప్పుడు తప్పిపోయినవారి వివరాలు. పదేళ్ళ అమ్మాయి గొంతు ఒకటి నిన్న మధ్యాహ్నం నుంచి కనబడుట లేదు. చివరిసారిగా స్కూల్ హాల్లో, అట్టపెట్టెలో వినిపించింది. ఆనవాలు, మాటకూ మాటకూ మధ్య కొంచెం ఖాళీ. ఆచూకీ తెలిసినవారు చెప్పగలరు."

"అది మా నెమ్మది!" అని అరిచింది. "నాకు తెలుసు! అది నా ఫ్రెండు!"

"హహహహా!"

"నవ్వకండి! అది ఎందుకు మాట్లాడటం లేదంటే..."

అక్కడ గడగడ ఆగిపోయింది. ఎందుకంటే ఆ చీకట్లో అందరికంటే గట్టిగా, అందరికంటే ముందు నవ్వుతున్న నవ్వు ఎవరిదో గుర్తుపట్టింది. అది తన నవ్వే.

మాట గొంతులో ఉంది. పైకి రావడం లేదు. ఒకటి, రెండు, మూడు క్షణాలు గడిచాయి.

అతికించిన నవ్వుతో అమ్మ సోఫాలోంచి లేచింది. "ఆగిపోయిందర్రా" అంది ముద్దుగా. "ఒక దెబ్బ వేయండి."

పళ్ళపొడి అరచెయ్యి ఎత్తాడు. క్విజ్ మాస్టారు అరచెయ్యి ఎత్తాడు. ముగ్గురూ నవ్వుముఖాలతో, చేతులెత్తుకుని, మెల్లగా దగ్గరికి వస్తున్నారు.

ఆగండి, నేను ఆగిపోలేదు అని చెప్పాలనుంది గడగడకు. మాట లోపలే ఉంది. వస్తోంది. కొంచెం టైమిస్తే వచ్చేస్తుంది. ఆ కొంచెం ఎవరూ ఇవ్వడం లేదు. నెమ్మదికి ఐదేళ్ళుగా ఇలాగే ఉంటోందా అన్న ఆలోచన వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చేతిలో అట్ట ఇంకా ఉంది. గుండ్రటి అక్షరాలు. పది రోజుల సాధన. గడగడ చీకటికేసి తిరిగింది.

"నేను..." అంది. చీకటి కిచకిచలాడింది. "నేను... నెమ్మదిని... ఏడిపించాను. చింతిస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు.

చేతులెత్తినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. గది నాలుగు మూలలనుంచీ ముడుచుకుంటూ ముడుచుకుంటూ మధ్యలో ఒక తెల్లచుక్క అయింది. పాత టీవీ ఆపేసినప్పుడు మిగిలే చుక్కలాగే. అది కూడా ఆరిపోయింది.

"ఏంటే, పెట్టెలో కూర్చున్నావ్?"

అమ్మ వంగి చూస్తోంది. చేతిలో సీసం తీగ చుట్ట. గడగడ ముందు జడ చూసుకుంది. రిబ్బన్ ఎర్రగా ఉంది. అమ్మ ముఖం కోపంగా ఉంది. ఆ కోపం ఎంత బాగుందో! గడగడ అమ్మ నడుము గట్టిగా వాటేసుకుంది.

"చాల్లే, దిగు" అని అమ్మ షాపంతా వెతికినట్టు చూసింది. "ఇందాక అంతమంది నవ్వారు, ఎవరే? సందు మలుపు దాకా వినిపించింది. ఏరీ వాళ్ళు?"

గడగడ బల్లవైపు చూసింది. బల్ల మీది ముసలి టీవీలో, ఎవరూ కొట్టకుండానే, బొమ్మ మెల్లగా తేలుతోంది.

మర్నాడు పొద్దున గడగడ అందరికంటే ముందే క్లాసుకు వెళ్ళి కూర్చుంది. నెమ్మది వచ్చింది. ఆ రోజు నవ్విన పిల్లలంతా వచ్చేదాకా గడగడ ఆగింది. అప్పుడు అందరికీ కనబడేలా లేచి నిలబడింది.

"మొన్న నేను నిన్ను వెక్కిరించాను. అది సరదా కాదు. అందరూ నవ్వుతుంటే బాగుందని మళ్ళీ మళ్ళీ చేశాను. తప్పు నాది. సారీ."

నెమ్మది చూస్తూ ఉండిపోయింది. 'ఏదో ఒకటి అనవే' అన్న మాట గడగడ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఒక పీరియడ్ అయింది. రెండో పీరియడ్ అయింది. ఇంత కష్టమైన పని గడగడ పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

టిఫిన్ బాక్సులు తెరిచినప్పుడు నెమ్మది నోరు విప్పింది.

"నేను... ఆగినప్పుడు... మాట... పోలేదు. వస్తూ... ఉంటుంది."

గడగడ తల ఊపింది.

"నువ్వు... ముందే... చెప్పేస్తే... అది... ఎక్కడికి... పోవాలి?"

గడగడ అట్ట తీసి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది. "ఇది నీది. నువ్వు చెప్తేనే బాగుంటుంది. నీకు ఇష్టమైతేనే."

"ఆలోచిస్తా" అంది నెమ్మది. ఆ ఒక్క మాట మాత్రం టక్కున వచ్చింది.

నాటకం రోజు హాల్లో లైట్లు ఆపేశారు. స్టేజీ మీద మూడు తెరలు కట్టారు. నాలుగోవైపు చీకటి. అమ్మానాన్నలు, టీచర్లు, పిల్లలు అందరూ ఆ చీకట్లోనే ఉన్నారు. అది చూడగానే గడగడకు ఆ గది గుర్తొచ్చింది. అయినా సోఫాలో కూర్చుని తన వేషం మొదలుపెట్టింది. పళ్ళపొడి ఏడ్చాడు, డబ్బా చూపించాడు, జనం విరగబడి నవ్వారు. చెక్క టీవీ ఆగిపోయింది.

పెట్టెలోంచి నెమ్మది తల పైకి వచ్చింది. చేతిలో అట్ట ఉంది.

"ప్రసారంలో..."

ఆగింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు క్షణాలు. చీకట్లో ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గడగడకు తెలుసు. అది తోడు కోసం వెతుకుతుంది. తోడు దొరికితే పెద్దదవుతుంది.

"చెప్పేయవే" అని పళ్ళపొడి గడగడ చెవిలో గుసగుసలాడాడు. "నువ్వు చెప్పేయ్!"

వాక్యం మొత్తం గడగడ పెదాల మీదే ఉంది. ఊదితే చాలు బయటపడుతుంది. గడగడ చేతులు తొడల కింద పెట్టుకుంది. నవ్వలేదు. కంగారు పడలేదు. పెట్టెవైపు తిరిగి, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు చూస్తూ కూర్చుంది. ఆమెను చూసి పళ్ళపొడి కూడా సర్దుకుని కూర్చున్నాడు. చీకట్లోని ఆ నవ్వు ఒంటరిగా ఇంకోసారి కిసుక్కుమని ఆగిపోయింది.

"అంతరాయం... కలిగినందుకు..." నెమ్మది గట్టిగా ఊపిరి పీల్చింది. "చింతిస్తున్నాం."

అయిపోయింది. ఇప్పుడు గడగడ డైలాగు. కానీ గడగడ వెంటనే అందుకోలేదు. ఇంకా ఏమైనా మాట వస్తుందేమోనని ఇంకొంచెం ఆగింది.

నిజంగానే ఉంది. నాటకంలో ఎవరూ రాయని మాట.

"ఇక... మా గడగడ... మాట్లాడుతుంది" అంది నెమ్మది. "మీరు... ఆపలేరు."

హాలంతా నవ్వింది. టీచర్ నవ్వారు, వెనక వరసలో ముడిలో స్క్రూడ్రైవర్ తీయడం మరిచిపోయి వచ్చిన అమ్మ నవ్వింది, గడగడ కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో ఒకటి చెక్క పెట్టెలోంచి, అందరికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది.

గడగడ అది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది.